పల్లె నర్సులకు వైద్య గ్రంథాలయం
(ఉగాది ఉత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఉగాదినాడు పంచాంగ శ్రవణం ఉంటుంది, కవిసమ్మేళనం ఉంటుంది, పిల్లల పాటలుంటవి. వీటి నడుమ వైద్య గ్రంథాలయాన్ని గురించి ప్రసంగమేమిటని మీలో కొందరికి అనిపించవచ్చును. పొద్దున మనమంతా తిన్న పచ్చడిలో వేపపువ్వు ఉన్నది. నేను చెప్పబోయేది కూడా వేపతోనే మొదలవుతుంది కనుక సందర్భం లేదని అనకండి.

రాయచూరు జిల్లాలో, తెలంగాణ సరిహద్దుకు దాపున, యాపలదిన్ని అని ఒక ఊరున్నది. 1956 నవంబరు 1 వరకు రాయచూరు జిల్లా హైదరాబాదు రాష్ట్రంలోనిది. రాష్ట్రాల పునర్విభజనలో అది మైసూరు రాష్ట్రానికి, అంటే నేటి కర్ణాటకకు చేరింది. ఆ సరిహద్దు పల్లెల్లో ఇంట తెలుగు, బడిలో కన్నడం, సంతలో రెండూ కలిసి నడుస్తవి. వేపను కన్నడంలో ‘బేవు’ అంటారు. ‘యాప’ అన్నది మన పల్లెవాళ్ల మాట. దిన్ని అంటే దిబ్బ, మెట్ట. అందుచేత ఊరి పేరులోనే తెలుగు వేపచెట్టు ఒకటి నిలిచి ఉన్నదని నా ఊహ. స్థలనామ పరిశోధకులు కాదంటే వింటాను.

నేను వృత్తిచేత గ్రంథపాలకుణ్ణి. ఒక వైద్య కళాశాల గ్రంథాలయంలో పనిచేసి విశ్రాంతి తీసుకొన్న తరువాత, ఆ పల్లెలవైపు నర్సులకూ, ఏ.ఎన్.ఎం.లకూ కంప్యూటరు మీద వైద్య వ్యాసాలు వెదకడం నేర్పే పని పెట్టుకొన్నాను. ఒకసారి ఒక నర్సమ్మ, అందరూ లేచి వెళ్లినదాకా ఆగి, మెల్లగా అడిగింది: “సారూ, మా దిక్కు పసిపిల్లలకు కడుపునొప్పి అంటే యాపనూనె చుక్కలు పోస్తరు. పోయొచ్చునా, పోయకూడదా? ముసలమ్మలకు నేనేం చెప్పాలె?”

ఇది చాలా మంచి ప్రశ్న. పది పుస్తకాలు తిరగేసినా దొరకని ప్రశ్న. దీనికి జవాబు ప్రపంచ వైద్య వాఙ్మయంలో ఉన్నది. ఉన్నచోటికి ఆమె స్వయంగా పోగలదా అన్నదే ఈవేళ నా ప్రసంగ విషయం.

ముందు ఆ చోటు ఏమిటో చెబుతాను. అమెరికా సైన్యంలో జాన్ షా బిల్లింగ్స్ అనే వైద్యుడుండేవాడు. ప్రపంచంలో అచ్చయ్యే వైద్య పత్రికల్లోని వ్యాసాలన్నిటికీ విషయవారీగా పట్టిక ఉండాలని తలచి, 1879లో ‘ఇండెక్స్ మెడికస్’ అన్న మాసపత్రికను ఆరంభించాడు. 1964లో ఆ పట్టిక కూర్చే పని కంప్యూటరుకు అప్పగించారు. 1971లో టెలిఫోను తీగల మీదుగా వెదికే ఏర్పాటు వచ్చింది, దాని పేరు మెడ్‌లైన్. 1997 జూనులో పబ్‌మెడ్ అన్న పేరుతో ఎవరైనా, ఎక్కడినుంచైనా, పైసా ఇవ్వకుండా వెదుకుకోవచ్చునని తలుపు తీశారు. అచ్చు సంపుటాలు 2004తో ఆగిపోయినవి. ఇప్పుడు దానిలో 3 కోట్ల 70 లక్షలకు పైగా వ్యాసాల వివరాలున్నవి. ఒకప్పుడు వైద్య కళాశాల ఉన్న పట్టణంలో తప్ప చూడ దొరకని పట్టిక, నేడు నర్సు కొంగున కట్టుకొన్న సెల్‌ఫోనులో ఉన్నది.

అయితే తలుపు తీసినంత మాత్రాన అందరూ లోపలికి రారు. ఈ సంగతి మన పెద్దలకు తెలుసు. 1935లో పాతూరి నాగభూషణంగారు కృష్ణా కాలువ మీద పడవలో పుస్తకాలు పెట్టుకొని, కొల్లిపర నుంచి పెదవడ్లపూడి దాకా తిప్పేవారు. పాఠకుడు గ్రంథాలయానికి రావడానికి జంకితే గ్రంథాలయమే పాఠకుడి రేవుకు పోయింది. పడవ ఇప్పుడు అక్కరలేదు. జంకు మాత్రం అట్లాగే ఉన్నది.

ఇక వేపనూనె సంగతి. ఆ నర్సమ్మ చేత పబ్‌మెడ్‌లో ‘నీం ఆయిల్ పాయిజనింగ్’ అని కొట్టించాను. 2008లో ‘ఇండియన్ పీడియాట్రిక్స్’ పత్రికలో అచ్చయిన చిన్న వ్యాసం ఒకటి కనిపించింది. అయిదేండ్ల బిడ్డ పొరపాటున వేపనూనె తాగి, ఎంతకూ ఆగని ఫిట్లతో ఆసుపత్రికి వచ్చిన వైనం అది. తరువాత కూడా ఆ బిడ్డకు నరాల సంబంధమైన లోపం మిగిలిపోయిందట. నర్సమ్మ ముఖం పాలిపోయింది. “ఇంతేనా సారూ, ఒక్కటేనా?” అని అడిగింది. ఒక్కటి కాదు. దీనికంటె ముఖ్యమైనది మరొకటున్నది. కాని అది ఆ మాటలకు దొరకకపోవచ్చును. ఎందుకంటే 1981లో ‘లాన్సెట్’ పత్రికలో సిన్నయ్య, బాస్కరన్ అనే మలేషియా వైద్యులు వ్రాసిన ఆ వ్యాసం శీర్షికలో ‘నీం’ అన్న మాటే లేదు. వారు ‘మార్గోసా’ నూనె అన్నారు. చేదు అన్న అర్థంగల పోర్చుగీసు మాటనుంచి వచ్చిన పేరది. వృక్షశాస్త్రజ్ఞులేమో ‘అజాడిరక్టా ఇండికా’ అంటారు. మనం వేప, పల్లెలో యాప, కన్నడంలో బేవు, హిందీలో నీం. చెట్టు ఒకటే, పేర్లు అరడజను. ఒక్క పేరు పట్టుకొని వెదికినవాడికి ఒక్క కొమ్మ కాయలే దొరుకుతవి.

ఆ 1981 వ్యాసంలో ఏమున్నదంటే, చిన్న చిన్న నలతలకు ఈ నూనె పోసిన పసిపిల్లలకు వాంతులు, మగత, ఎగశ్వాస, ఆపైన ఫిట్లు వచ్చి, కాలేయమూ మెదడూ దెబ్బతినే రే సిండ్రోమ్ వంటి జబ్బు కనిపించిందని. మనమిక్కడ ఇండ్లు కట్టుకొని, పురుళ్లు పోయడానికి ఊరినుంచి అమ్మమ్మలను పిలిపించుకొంటాము. వారి పెట్టెలో కారప్పొడి, ఆవకాయ, ఆముదం, ఒక్కొక్కప్పుడు వేపనూనె సీసా కూడా వస్తుంది. అమ్మమ్మల ప్రేమను నేను శంకించడం లేదు. పచ్చడిలోని పువ్వుతో భయమూ లేదు. పసిబిడ్డ నోట వేపనూనె పోయకూడదు. పొరపాటున పోస్తే, ఆసుపత్రిలో ఇక్కడి డాక్టరుకు ‘మా దేశపు నూనె’ అని చెప్పి ఊరుకోక, నీం అని, మార్గోసా అని రెండు పేర్లూ చెప్పండి. ఆయనకు పుస్తకంలో దొరకాలి కదా.

ఈ పేర్ల చిక్కు తీర్చడానికే ఆ గ్రంథాలయంవారు సుమారు 30,000 విషయ శీర్షికలు ఏర్పరచి, ఏ వ్యాసం ఏ మాట వాడినా ఒకే శీర్షిక కింద చేర్చే పద్ధతి పెట్టారు. వేపకు వారి శీర్షిక అజాడిరక్టా. మంచి పద్ధతే. అయినా పాత వ్యాసాలకు అది పూర్తిగా అండగా ఉండదు కనుక, నేర్పేవారు పేర్ల సంగతి మొదటే చెప్పాలి. ఇక్కడ నాకు తోచిన విశేషమొకటి ఉన్నది. యాపలదిన్ని వంటి ఊరిలో పెరిగిన నర్సుకు ఒక వస్తువుకు నాలుగు పేర్లుంటవన్నది కొత్త సంగతి కాదు. పొద్దున తెలుగు తల్లితో, మధ్యాహ్నం కన్నడ తల్లితో, సాయంత్రం ఉర్దూ మాట్లాడే తల్లితో ఒకే జ్వరాన్ని గురించి మూడు రకాలుగా మాట్లాడుతుంది. పట్టణంలో ఒక్క ఇంగ్లీషే చదువుకొన్న కుర్ర డాక్టరు కంటె ఆమెకు ఈ విద్య తొందరగా పట్టుబడుతుంది. నేను చూసిన మాట ఇది.

తరువాతి మెట్టు ‘ఆండ్’, ‘ఆర్’ అన్న రెండు మాటలు. వీటి దగ్గర మనవాళ్లు తికమకపడడానికి కారణం తెలివితక్కువ కాదు, తెలుగు. మన భాషలో ‘ఊ’ చేర్చి చెబితే కలుపుకోవడమని అర్థం. “ఆడవాళ్లూ, పిల్లలూ ముందు భోజనానికి లేవండి” అని పెండ్లిలో కేకవేస్తే ఆడవాళ్లంతా లేస్తారు, పిల్లలంతా లేస్తారు. యంత్రానికి ‘ఆడవాళ్లు ఆండ్ పిల్లలు’ అని చెబితే అది అట్లా వినదు. ఆడవారై ఉండాలి, పిల్లలై కూడా ఉండాలి అంటుంది. అంటే ఆడపిల్లలు మాత్రమే లేస్తారు. తక్కినవారంతా ఆకలితో కూర్చుంటారు. మనం అనుకొన్న పంక్తి కావలెనంటే ‘ఆర్’ అనాలి. ఈ పెండ్లిభోజనం చెప్పిన తరువాత రెండోసారి చెప్పవలసిన అవసరం నాకు రాలేదు. నీం ఆర్ మార్గోసా ఆర్ అజాడిరక్టా అని మూడింటినీ కుండలీకరణాల్లో పెట్టి, దానికి ఆండ్ చేర్చి, పాయిజనింగ్ అని కొట్టితే 1981 వ్యాసమూ వస్తుంది, 2008 వ్యాసమూ వస్తుంది.

ఇప్పుడు జంకును గురించి. నేర్చుకోవడానికి వచ్చినవారు మూడు సాకులు చెబుతారు. ఇంగ్లీషు రాదంటారు, మిషను చెడిపోతుందేమోనంటారు, తీరిక లేదంటారు. మొదటిదానికి మందున్నది: ప్రశ్నకు మూడు నాలుగు మాటలు చాలు, ఆ మాటలు మందుసీసా మీదా, రిజిస్టరులోనూ రోజూ చూసేవే. అక్షరం తప్పితే యంత్రమే సరిదిద్ది అడుగుతుంది. రెండోదానికి నవ్వే మందు. మూడోది నిజమే. రోజంతా టీకాలు, బరువులు, రిజిస్టర్లు. ఇంటికి పోతే పొయ్యి. అందుకే రోజుకు ఒక్క ప్రశ్న, ఇరవై నిమిషాలకు మించకుండా నేర్పాలి. పూట పూటంతా తెరమీద బొమ్మలు చూపి ఉపన్యాసాలిచ్చే శిక్షణ శిబిరాల మీద నాకు నమ్మకం లేదు. టీ బిస్కట్లు జ్ఞాపకముంటవి, పాఠం జ్ఞాపకముండదు.

పైకి చెప్పని నాలుగో భయమొకటి ఉన్నది, అదే అసలైనది. “డాక్టరుగారు ఏమనుకొంటారో!” తనకు తెలియదని ఒప్పుకొంటే లోకువ, తనకే తెలుసునని చూపితే పొగరు. ఈ రెంటి మధ్య నర్సు చేతులు కట్టుకొని కూర్చుంటుంది. కనుక డాక్టరునూ, నర్సునూ ఒకే కంప్యూటరు ముందు మొదటిరోజే కూర్చోబెట్టకూడదు. నర్సులను విడిగా కూర్చోబెట్టి, వారి సొంత ప్రశ్నలతోనే ఆరంభించాలి. శిబిరంవారు అచ్చువేసి తెచ్చిన ప్రశ్నలు వద్దు. నాలుగైదు సార్లు తన చేత్తో వెదికి సంపాదించిన కాగితం పట్టుకొని డాక్టరు దగ్గరికి పోయే మనిషి నడకే వేరు.

తన చేత్తో అన్నాను. మౌసు నేర్చుకొనేవారి చేతిలోనే ఉండాలి. నేర్పేవారికి, ముఖ్యంగా వేళ్లు చురుకైన కుర్రవాళ్లకు, “ఇటివ్వండి అక్కా, నేను తీస్తాను” అని లాక్కోవడం అలవాటు. తీసిపెట్టినవాడికి తృప్తి, చూసినవారికి మళ్లీ జంకు.

ఇదంతా ఎందుకు, డాక్టర్లున్నారు కదా, ప్రభుత్వం ఉత్తర్వులిస్తుంది కదా అంటారేమో. ఒక ఇంజెక్షను చరిత్ర చెబుతాను. నెలలు నిండకముందే నొప్పులు వచ్చిన తల్లికి స్టెరాయిడ్ ఇంజెక్షను ఇస్తే బిడ్డ ఊపిరితిత్తులు త్వరగా పక్వానికి వస్తవని న్యూజీలండులో లిగ్గిన్స్, హోవీ అనే వైద్యులు 1972లో ప్రకటించారు. తరువాత పలుచోట్ల పరీక్షలు జరిగినవి, వ్యాసాలు వచ్చినవి. అన్నీ అరల్లో ఉన్నవి. వాటినన్నిటినీ వెదికి, ఒకచోట చేర్చి, కలిపి లెక్కకట్టిన సమీక్ష 1989 దాకా రాలేదు. పదిహేడేండ్లు! ఈ లోపల చాలామంది ప్రసూతి వైద్యులకు దాని విలువ తెలియనే లేదు. పుట్టి బ్రతకవలసిన బిడ్డలు ఎందరో బ్రతకలేదు. 1993లో ఏర్పడిన కోక్రేన్ సంస్థ ఆ లెక్కల గీతలనే తన చిహ్నంగా పెట్టుకొన్నది.

కథ అక్కడితో ముగిస్తే బాగుండును. 2014లో భారత ప్రభుత్వం, పెద్దాసుపత్రికి పంపేముందు డెక్సామెథసోన్ మొదటి మోతాదు ఏ.ఎన్.ఎం. కూడా ఇవ్వవచ్చునని మార్గదర్శకాలిచ్చింది. అంటే మన పల్లె నర్సు చేతిలోకి ఆ సూది వచ్చింది. 2015లో ‘లాన్సెట్’లో మరో పెద్ద పరీక్ష ఫలితం అచ్చయింది. ఆరు దేశాల్లో చేశారు. మనదేశంలో నాగపూరు, మన కర్ణాటకలోని బెళగావి అందులో ఉన్నవి. పల్లెస్థాయిలో ఈ ఇంజెక్షను వాడకం పెంచిన చోట్ల తక్కువ బరువు బిడ్డలకు మేలు కనబడలేదు సరికదా, అన్ని జననాలూ కలిపి చూస్తే నెలలోపు శిశుమరణాలు వెయ్యికి 23.9 ఉండవలసినవి 27.4 అయినవి. తల్లులకు ఇన్‌ఫెక్షన్ అనుమానాలు కూడా పెరిగినవి. మళ్లీ 2020లో, మనదేశంతో కలిపి అయిదు దేశాల్లో 29 ఆసుపత్రుల్లో 2,852 మంది తల్లులతో ప్రపంచ ఆరోగ్య సంస్థ చేయించిన పరీక్షలో, శిశుమరణాలు నూటికి 23.5 నుంచి 19.6కు తగ్గినవి. ఒకే మందు, ఒకచోట కీడు, ఒకచోట మేలు. రెండోసారి స్కానింగు చేసి నెలలు సరిగా లెక్కకట్టారు. పుట్టిన బిడ్డను చూసుకొనే వసతి ఉన్న ఆసుపత్రుల్లోనే ఇచ్చారు. నెలలు సరిగా తెలియని తల్లికి పల్లెలో ఇవ్వడం వేరు, అక్కడ ఇవ్వడం వేరు.

ఆ నర్సుకు 2014 కాగితం ఒక్కటే తెలిస్తే ఒక జవాబు, 2015ది కూడా తెలిస్తే మరొకటి, మూడూ చదివితే మూడోది. అందువల్ల వెదకడం నేర్పేటప్పుడు తేదీ చూడడం నేర్పాలి. పబ్‌మెడ్ తనంతట తాను కొత్తవాటిని ముందు పెట్టదు, మనమడిగితే పెడుతుంది. ఏ ఊరిలో, ఎటువంటి ఆసుపత్రిలో, ఎవరిమీద చేశారో చూడడం నేర్పాలి. శీర్షిక చదివి తీర్పు చెప్పవద్దనీ, సొంతంగా మందు మార్చవద్దనీ, కాగితంతో డాక్టరు దగ్గరికి పోవాలనీ చెప్పాలి. ఈమధ్య ప్రశ్న అడిగితే నేరుగా జవాబు చెప్పే యంత్రాలు కూడా వచ్చినవి. వాటిని నేను తిట్టను. నర్సులు వాడుతున్నారు కూడా. “ఏ వ్యాసంలో ఉన్నది, ఏ సంవత్సరం?” అని దాన్ని తిరిగి అడిగి, ఆ వ్యాసం నిజంగా ఉన్నదో లేదో పబ్‌మెడ్‌లో చూసుకోమంటాను. లేని వ్యాసాన్ని ఉన్నట్లు చెప్పడం వాటికి మామూలే.

ఒక కష్టం మిగిలి ఉన్నది. పబ్‌మెడ్ వివరం చూపుతుంది, సంగ్రహం చూపుతుంది; పూర్తి వ్యాసం చాలాసార్లు డబ్బిస్తేగాని రాదు. కర్ణాటకలో రాజీవ్ గాంధీ ఆరోగ్య విశ్వవిద్యాలయంవారు 2003లో హెలినెట్ పేర వైద్య కళాశాలలన్నీ కలిసి పత్రికలు తెప్పించుకొనే ఏర్పాటు చేశారు. 2025 జనవరి 1 నుంచి కేంద్ర ప్రభుత్వం ‘ఒకే దేశం, ఒకే చందా’ అన్న పథకం కింద మూడేండ్లకు 6,000 కోట్ల రూపాయలు కేటాయించి, సుమారు 13,000 పత్రికలు ప్రభుత్వ విద్యాసంస్థలకూ, పరిశోధనాలయాలకూ అందిస్తున్నది. సంతోషమే. కాని పల్లెలోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రం కళాశాల కాదు, పరిశోధనాలయమూ కాదు. గర్భిణికి సూది వేసే చేయి ఆ చందాలో లేదు. ఆమెకు మిగిలింది ఉచితంగా చదవనిచ్చే వ్యాసాలు. 2000లో ఆరంభమైన పబ్‌మెడ్ సెంట్రల్ అటువంటిది. ‘ఇండియన్ పీడియాట్రిక్స్’ వంటి మన పత్రికలు కొన్ని కూడా ఉచితంగానే చదవనిస్తవి. వెదికేటప్పుడు ‘ఉచిత పూర్తి పాఠం’ అన్న గడి మీద గుర్తు పెట్టడం మొదటిరోజే చూపించాలి.

మీరేమి చేయగలరని మీలో ఒకరు నన్ను ఇందాక అడిగారు. మనలో చాలా ఇండ్లకు ఊరిలో ఒక నర్సు వదినో, ఏ.ఎన్.ఎం. పిన్నో, ఆశా కార్యకర్తగా ఉన్న మేనత్తో ఉంటారు. వారానికోసారి వీడియోలో మాట్లాడుతూనే ఉంటారు. ఆమె ఏదైనా అడిగితే, “ఆగు పిన్నీ, రెండు నిమిషాల్లో నేను చూసి పంపిస్తాను” అంటారు మన పిల్లలు. అట్లా పంపవద్దు. ఆమె ఫోనులో ఆమెచేతే కొట్టించండి. రెండు నిమిషాల పని అరగంట పడుతుంది. పడనివ్వండి. మొదటి వారం పేర్లు, రెండో వారం ఆండ్ ఆర్, మూడో వారం తేదీ. నాలుగో వారం ఆమె మిమ్మల్ని అడగకుండానే ఏదో కనుక్కొని చెబుతుంది, అప్పుడు తప్పులు పట్టకుండా వినండి.

భోజనాలైన తరువాత పక్క గదిలో మూడు కంప్యూటర్లు పెట్టించమని కార్యదర్శిగారిని కోరాను, ఒప్పుకొన్నారు. సభలో నర్సు వృత్తిలో ఉన్న సోదరీమణులు అయిదారుగురున్నారని విన్నాను. ఒక్కొక్కరు తమ వార్డులో నిజంగా ఎదురైన ప్రశ్న ఒక్కటి కాగితం మీద తెలుగులోనే వ్రాసుకొని రండి. కుర్రవాళ్లు కూడా రావచ్చును, కాని కుర్చీలో కాక పక్కన నిలబడాలి.